ముల్లు ఎర్రలో ఉంది... రేవు దాకా వెళ్తామా?

కోనసీమలో ఏ పెట్రోలు బంకు దగ్గరైనా కాసేపు నిలబడితే ఎక్కువగా వినబడేది ‘వందకి కొట్టండి’ అన్న మాటే. లీటరు నూట పది రూపాయలు అనుకుంటే వందకి వచ్చేది లీటరు కూడా కాదు. ముల్లు ఎర్ర గీత మీంచి కాస్త లేస్తుంది, సాయంత్రానికి మళ్లీ వాలిపోతుంది. మర్నాడు ఇంకో వంద. ఇలా ఏడాది పొడుగునా ట్యాంకు అడుగునే బతికే బళ్లు ఊరూరా కనిపిస్తాయి. అడుగున బతికేవాడికి ముల్లే దిక్కు. చిత్రమేమిటంటే, ఆ ముల్లు అన్నిటికన్నా తక్కువ నమ్మదగింది కూడా ఆ అడుగునే. మరి ముల్లు ఎర్రలో పడ్డాక బండి ఎంత దూరం వెళ్తుంది? అమలాపురంలో ఎర్ర వచ్చిందంటే రాజోలు చేరతామా? మలికిపురంలో వచ్చిందంటే అంతర్వేది వెళ్లి రాగలమా? దీనికి జవాబు మీటరులో దొరకదు, మన లెక్కలో దొరుకుతుంది. ఆ లెక్క ఎలా కట్టాలో, మీటరు ఎందుకు తడబడుతుందో, కోనసీమ నేల ఆ లెక్కను ఎలా తారుమారు చేస్తుందో చూద్దాం.

ట్యాంకులోనూ రెండు పాయలు

మెకానిక్ షెడ్డులో ఎప్పుడైనా పెట్రోలు మీటరు బాగు చేస్తుంటే ఒక్క పది నిమిషాలు ఆగి చూడండి. ట్యాంకును ఊడదీసి తిరగేస్తే అడుగున చిన్న మూత లాంటిది ఉంటుంది. దాని స్క్రూలు విప్పి, రబ్బరు వాషరు చింపకుండా మెల్లగా వంచి లాగితే ఒక సన్నటి కమ్మీ బయటికొస్తుంది. కమ్మీ చివర అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద బెండు. గాలం దారానికి కట్టే బెండు చేసే పనే ఇదీ చేస్తుంది. పెట్రోలు పెరిగితే పైకి తేలుతుంది, తగ్గితే దిగుతుంది. కమ్మీ రెండో కొసన దువ్వెన పళ్లలాంటి సన్నటి గీతలున్న ఒక పలక, ఆ గీతల మీద జారే చిన్న రేకు. బెండు కదిలితే రేకు జారుతుంది, రేకు జారితే కరెంటుకు అడ్డుపడే నిరోధం మారుతుంది. ఆ తేడానే పైన ముల్లుగానో, వెలిగే పాయింట్లుగానో మనకు కనబడుతుంది. ఎంత ఖరీదైన బండిలోనైనా చాలావరకు ఇదే ఏర్పాటు.

అంటే మీటరుకు తెలిసింది బెండు ఎంత ఎత్తున ఉందన్నది ఒక్కటే. ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో దానికి తెలియదు. ట్యాంకు పీపాలా తిన్నగా ఉంటే ఎత్తును బట్టి లీటర్లు చెప్పేయొచ్చు. బైకు ట్యాంకు అలా ఉండదు. బండి వెన్నెముక లాంటి పైపు ట్యాంకు కింద నుంచి పోతుంది కాబట్టి అడుగు భాగం మధ్యలో పైకి నొక్కుకుపోయి ఉంటుంది. ధవళేశ్వరం దిగాక గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలినట్టు, సగానికి దిగాక పెట్రోలు ఆ మెట్టకు అటూ ఇటూ రెండుగా చీలుతుంది. పై భాగంలో ఒక అంగుళం దిగడానికి చాలా పెట్రోలు ఖర్చవ్వాలి. అడుగు పాయల్లో అదే అంగుళం తొందరగా దిగిపోతుంది. ‘ఫుల్లు నుంచి సగానికి రావడానికి వారం పట్టింది, సగం నుంచి ఎర్రకి మూడ్రోజుల్లో వచ్చేసింది, బంకువాడు మోసం చేశాడు’ అని చాలామంది అనుకునేది అందుకే. చాలాసార్లు అది ట్యాంకు ఆకారం చేసిన మాయ.

ఇంకో సంగతి. ఫుల్లు కొట్టించాక చాలాదూరం ముల్లు కదలదు. బెండు ట్యాంకు పైకప్పుకు తగిలి ఆగిపోయాక కూడా దాని పైన పెట్రోలు ఉంటుంది. ఆ పెట్రోలు అయ్యేదాకా బెండు దిగదు, ముల్లు కదలదు. కింది కొసనా అంతే. కమ్మీ అంతకన్నా దిగలేని చోట ముల్లు సున్నా చూపిస్తుంది, కానీ బెండు కింద ఇంకా కొంత పెట్రోలు మిగిలే ఉంటుంది. పైగా కంపెనీలు కావాలనే ముల్లును కాస్త పిరికిగా పెడతాయి. ముందే భయపెట్టే మీటరును జనం తిట్టుకుంటారంతే. ‘ఉంది’ అని చెప్పి దారిలో వదిలేసే మీటరును మాత్రం క్షమించరు.

బండి వంగితే పెట్రోలూ వంగుతుంది. సైడు స్టాండు వేస్తే ఎడమ పాయలోకి చేరుతుంది. బెండు ఏ పక్క ఉందన్నదాన్ని బట్టి మీటరు ఎక్కువో తక్కువో చూపిస్తుంది. వంతెన ఎక్కేటప్పుడు ఒక పాయింటు తగ్గి దిగేటప్పుడు మళ్లీ రావడం కూడా ఈ బాపతే. కుదుపులకు ముల్లు ఊరికే ఊగిసలాడకుండా దాన్ని నెమ్మదిగా కదిలేలా తయారు చేస్తారు కాబట్టి, తాళం తిప్పిన మరుక్షణం చూపించేదాన్ని నమ్మకూడదు. సమతలం మీద, సెంటరు స్టాండు వేసి, తాళం తిప్పి, కాస్త ఆగి చూసిందే అసలు లెక్క.

దగ్గి చెప్పిన రిజర్వు

ఇప్పటి కుర్రాళ్లకు చెబితే నమ్మరు గానీ, చాలా ఏళ్లు మన రోడ్ల మీద తిరిగిన పేరున్న బళ్లకు పెట్రోలు మీటరే లేదు. 1985లో వచ్చి కుర్రకారును ఊపేసిన యమహా ఆర్‌ఎక్స్ 100కి లేదు. బుల్లెట్లకు దశాబ్దాల పాటు లేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి పెట్రోలు మీటరు వచ్చింది 2021లో కొత్త ఇంజన్‌తో పాటే. కార్ల కథా అంతే. అమెరికాలో ఫోర్డ్ మోడల్-టీ నడిపినవాళ్లు సీటు కింది ట్యాంకులో కర్రపుల్ల ముంచి తడి ఎంతవరకు అంటిందో చూసుకునేవాళ్లు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు కూడా 1960ల మొదట్లో గానీ మీటరు రాలేదు.

మరి వాళ్లంతా దారిలో ఆగిపోయేవాళ్లా? అంతగా లేదు. వాళ్లకు రిజర్వు ఉండేది. రిజర్వు అంటే వేరే చిన్న ట్యాంకు అని ఇప్పటికీ కొందరి నమ్మకం. ట్యాంకు ఒక్కటే. ట్యాంకు అడుగున బిగించిన కాక్‌కు లోపల రెండు దారులు ఉంటాయి. ఒకటి కాస్త ఎత్తుగా నిలబడ్డ గొట్టం, రెండోది అడుగునే ఉన్న కన్నం. మామూలుగా పెట్రోలు ఎత్తు గొట్టంలోంచి వస్తుంది. మట్టం ఆ గొట్టం కన్నా దిగగానే ఇంజన్ దగ్గుతుంది. నడుపుతున్నవాడు బండి ఆపకుండానే ఎడమ చెయ్యి కిందికి పోనిచ్చి కాక్‌ను రిజర్వుకు తిప్పేవాడు. కన్నం దారి తెరుచుకునేది, బండి మళ్లీ అందుకునేది.

ఇందులో గొప్పతనం ఒకటుంది. గొట్టం ఎత్తు మారదు కాబట్టి రిజర్వులో పడ్డాక మిగిలే పెట్రోలు ఎప్పుడూ దాదాపు ఒక్కటే. ‘నా బండి రిజర్వులో నలభై వస్తుంది’ అని పెద్దవాళ్లు అంత ధీమాగా చెప్పగలిగింది అందుకే. అది కొలిచి పెట్టిన పెట్రోలు. ముల్లు చెప్పేది ఉజ్జాయింపు. దానికీ ఒక ప్రమాదం లేకపోలేదు. పెట్రోలు కొట్టించాక కాక్‌ను మళ్లీ మామూలు దారికి తిప్పడం మరిచిపోతే, రెండోసారి దగ్గు ఉండదు. తిన్నగా ఆగిపోవడమే. అలా ఆగిన బండిని తోసుకుంటూ వచ్చినవాడు మళ్లీ జన్మలో కాక్ మరిచిపోడు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఒత్తిడితో పెట్రోలు పంపే పంపు చాలా బళ్లలో ట్యాంకు లోపలికే చేరింది. దాంతో కాక్ పోయింది, దగ్గూ పోయింది. ఎడమ చెయ్యి చేసే పని ఒక పసుపు లైటుకు అప్పగించారు. ఆ లైటుకు ఆధారం మళ్లీ ఆ బెండే. కొలిచి పెట్టిన లీటరు చేతిలోంచి జారిపోయి, ఉజ్జాయింపు మిగిలింది. ఇక్కడే మన లెక్క అవసరమైంది.

ఇంకో 43 కిలోమీటర్లట!

ఈమధ్య వచ్చిన కొన్ని బళ్లలో ముల్లుకు బదులు ‘ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్తుంది’ అని అంకెలోనే చూపిస్తున్నారు. ఇంజెక్షన్ బండి కాబట్టి ఇంజన్‌లోకి ఎంత పెట్రోలు చల్లిందో కంప్యూటరుకు తెలుసు. అది చూసి మైలేజీ లెక్క కడుతుంది. మిగిలిన పెట్రోలుతో హెచ్చవేసి దూరం చెబుతుంది. హెచ్చవేత తప్పదు. తప్పేది ఆ రెండు అంకెల్లోనే. మిగిలిన పెట్రోలు ఎంతన్నది బెండును అడిగే తెలుసుకోవాలి. మైలేజీ మాత్రం మీరు ఇంతవరకు నడిపిన తీరును బట్టి తీసుకుంటుంది, ఇక ముందు నడపబోయే తీరు దానికి తెలియదు.

అమలాపురం గడియార స్తంభం దగ్గర సాయంత్రం పూట బండి పాకించుకుంటూ ఎర్ర వంతెన దాటేసరికి ఆ అంకె బాగా తగ్గిపోతుంది. 216 జాతీయ రహదారి ఎక్కి యాభై మీద నిలకడగా పోతుంటే మళ్లీ పెరుగుతుంది. ‘వెళ్తున్న కొద్దీ దూరం పెరుగుతోందేంటి’ అని ఆశ్చర్యపడక్కర్లేదు. అది జోస్యం కాదు, సగటు. సగటును చూసి ధైర్యం తెచ్చుకోవచ్చు గానీ, చివరి పది కిలోమీటర్లు దాని మీద పందెం కాయకూడదు.

మైలేజీ అన్నది కూడా బండికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. అంబాజీపేట సంతకు వెనక కొబ్బరికాయల బస్తా కట్టుకున్నవాడికీ, అదే బండి మీద ఒంటరిగా పోయేవాడికీ తేడా ఉంటుంది. టైర్లలో గాలి తగ్గినా, చైను బిగుసుకున్నా, వంతెన మీద ఎదురుగాలి కొట్టినా తేడాయే. కాలవ గట్టు రోడ్డు మీద గొయ్యికీ గొయ్యికీ మధ్య గేరు మార్చుకుంటూ నడిపితే, షోరూములో చెప్పిన అంకె కాగితం మీదే మిగులుతుంది.

ఇరవై శాతం కథ

ఈ మధ్య ఎవరి నోట విన్నా ఒకటే ఫిర్యాదు, ‘బండి ఇదివరకటంత ఇవ్వట్లేదు’ అని. ఇందులో కొంత నిజం ఉంది. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన ఈ-20 పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్. 2025కల్లా అది దేశమంతటికీ మామూలు పెట్రోలు అయిపోయింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. ఆ లెక్కన లీటరు ఈ-20లో శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. నీతి ఆయోగ్ 2021లో ప్రచురించిన ప్రణాళికలో పాత ద్విచక్ర వాహనాలకు మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గొచ్చని అంచనా వేశారు. అరవై ఇచ్చే బండి యాభై ఎనిమిదికి వస్తుందన్నమాట. యాభైకి పడిపోయిందంటే మాత్రం నెపం ఇథనాల్ మీద తోసేయక మెకానిక్‌కు చూపించుకోవాలి.

దూరం లెక్కకు సంబంధించి ఇందులో పాఠం ఒకటే. అయిదేళ్ల కిందట కట్టుకున్న ‘ఎర్రలో నలభై వస్తుంది’ అన్న లెక్కను ఇవాళ తిరగరాసుకోవాలి.

కోనసీమ వాళ్లు దీనితో పాటు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇథనాల్‌కు నీటి దాహం ఎక్కువ. గాలిలో తేమ ఎక్కువగా ఉండే చోట, ముసురులో నాలుగు రోజులు బయట తడిసిన బండిలో, మూత దగ్గర నీళ్లు పోయే కన్నం మట్టితో మూసుకుపోతే ట్యాంకులోకి నీరు దిగుతుంది. కాస్త నీటిని ఇథనాల్ తనలో కలిపేసుకుంటుంది. హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున చేరతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే. అప్పుడు మీటరు సగం చూపిస్తున్నా బండి కదలదు. వరదలో మునిగిన బండిని ట్యాంకు ఖాళీ చేయించకుండా స్టార్టు చేయొద్దని మెకానిక్కులు మొత్తుకునేది ఇందుకే.

పంటు కట్టేస్తే లెక్క మారుతుంది

మైదాన ప్రాంతంలో దూరం దూరమే. కోనసీమలో అలా కుదరదు. ఇక్కడ రెండు ఊళ్ల మధ్య దూరం గోదారి దయ మీద ఆధారపడి ఉంటుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే ఎదురుగా కనబడుతున్న నరసాపురం. పంటు మీద ఇంజన్ ఆపేస్తాం కాబట్టి ఏరు దాటడానికి చుక్క పెట్రోలు ఖర్చు కాదు. పంటు ఆగిందంటే మాత్రం వెనక్కి తిరిగి మలికిపురం మీదుగా దిండి వచ్చి, చించినాడ వంతెన ఎక్కి, అవతల గట్టున మళ్లీ కిందికి దిగాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్యా ఇదే కథ. పంటు ఉంటే గౌతమి అవతల ఒడ్డు కూతవేటు. లేకపోతే అటు ఎదుర్లంక వంతెన, లేదంటే ఇటు రావులపాలెం దగ్గరి జొన్నాడ వంతెన దాకా చుట్టు తిరగాలి.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి పారినప్పుడు లంక గ్రామాలు నీట మునిగాయి, కాజ్‌వేల మీద పడవలు నడిచాయి. అంత వరద రాకపోయినా కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మునగడం ఏటా చూసే సంగతే. ఆ రోజుల్లో ముల్లు ఎర్రలో పెట్టుకుని బయల్దేరడమంటే, ఉన్న దారి ఉంటుందన్న నమ్మకంతో పోవడమే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు చెట్లు పడి రోడ్లు మూసుకుపోతాయి, కరెంటు పోతుంది, కరెంటు లేనిదే బంకులో పంపు తిరగదు. తుపాను హెచ్చరిక రాగానే ఇంట్లో కొవ్వొత్తులు వెతుక్కున్నట్టే ట్యాంకు కూడా చూసుకోవాలి.

ఇది తుపానులకే పరిమితం కాదు. 2024 జనవరి 2న ట్యాంకర్ డ్రైవర్ల సమ్మె కబురు గుప్పుమనగానే హైదరాబాద్‌లో బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ వరసలు కట్టారు, చాలా చోట్ల ‘నో స్టాక్’ బోర్డులు పెట్టారు. ఆ వరసల్లో పెట్రోలు లేక బళ్లు తోసుకుంటూ వచ్చినవాళ్లూ కనిపించారు. ఎప్పుడూ అడుగున నడిపించుకునేవాడికి అలాంటి రోజు మొదటి గంటలోనే కష్టం వస్తుంది.

మన కాళ్ల కింద చమురూ గ్యాసూ ఉన్నాయి కదా అని కొందరు వేళాకోళం ఆడతారు. నిజమే. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది, ఆ మంట చూసినవాళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు. తాటిపాకలో ఓఎన్‌జీసీ మినీ రిఫైనరీ కూడా ఉంది. ఏడాదికి 66 వేల టన్నుల సామర్థ్యంతో దేశంలోని రిఫైనరీలన్నిటిలోకి అదే చిన్నది. అయితే అక్కడ ముఖ్యంగా తీసేది నాఫ్తా, డీజిల్ లాంటివి. తాటిపాక సెంటర్లో ఆగిపోయిన బైకుకు ఆ గోడ అవతల సంగతితో పని లేదు, బంకు దాకా తోసుకోవాల్సిందే.

యానాం దాకా లాగేద్దాం!

ముల్లు ఎర్రలో ఉన్నా కొందరు బంకులు దాటుకుంటూ పోవడానికి ఇంకో కారణం యానాం. పెట్రోలు జీఎస్టీలో లేదు, పన్ను ఏ ప్రభుత్వం వేసుకునేది ఆ ప్రభుత్వానిదే. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు మరో రూపాయి. పుదుచ్చేరి కింద ఉన్న యానాంలో పన్ను తక్కువ. 2021 నవంబరులో కేంద్రం ఎక్సైజు సుంకం తగ్గించాక పుదుచ్చేరి తన పన్నూ తగ్గించింది, ఇటువైపు తగ్గలేదు. లీటరుకు పది రూపాయలకు పైగా తేడా వచ్చేసరికి ఎదుర్లంక దగ్గరి బాలయోగి వంతెన దాటి వచ్చే బళ్లతో యానాం బంకులు కిటకిటలాడాయి.

మరి అందుకోసమే వెళ్లడం గిట్టుబాటేనా? లీటరుకు 12 రూపాయలు తేడా అనుకుందాం. అమలాపురం నుంచి యానాం సుమారు 30 కిలోమీటర్లు, రానూపోనూ 60. లీటరుకు 55 ఇచ్చే బండికి దారి ఖర్చు లీటరు పైమాటే, అంటే దాదాపు 107 రూపాయలు. ట్యాంకులో 9 లీటర్లు పోయించుకుంటే మిగిలేది 108. రూపాయి లాభం, గంటన్నర నష్టం! నాలుగు లీటర్లు పట్టే స్కూటరు వేసుకెళితే మిగిలేది 48 రూపాయలు, దారికి పోయేది వందకు పైనే. ముమ్మిడివరం వాళ్లకు దూరం దాదాపు సగమే కాబట్టి ఫుల్లు కొట్టించుకుంటే యాభై రూపాయల దాకా మిగులుతాయి. ఎలాగూ కాకినాడ పని మీద ఆ దారిన పోయేవాడికే పూర్తి లాభం. ఆ లాభం కోసం ఎర్ర ముల్లుతో వంతెన ఎక్కి మధ్యలో ఆగిపోతే, అటూ ఇటూ గౌతమి తప్ప బంకు కనబడదు.

ఖాళీ ట్యాంకు ఖర్చు

అడుగున నడపడం అలవాటైనవాడు పొదుపు చేస్తున్నాననుకుంటాడు. వంద చొప్పున పదిసార్లు కొట్టించినా, వెయ్యి ఒక్కసారే కొట్టించినా వచ్చే పెట్రోలు ఒకటే. చేతిలో డబ్బు చూసుకుని కొట్టించడం తప్పేమీ కాదు, రోజు కూలి మీద బతికేవాడికి అదే దారి. కాకపోతే కొత్త బళ్లలో దీనికి ఒక వెల ఉంది. ట్యాంకులోని పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. అది ఎప్పుడూ అడుగంటి ఉంటే పంపు వేడెక్కుతుంది. పూర్తిగా ఎండేదాకా నడిపితే గాలి పీలుస్తూ తిరుగుతుంది. పంపు పోయిందంటే బిల్లు వేలల్లో ఉంటుంది. కార్బురేటరు బండికి పెట్రోలు అయిపోవడం ఒక చిరాకు, అంతే. ఇంజెక్షన్ బండికి అదే రిపేరుకు దారి తీస్తుంది. రోజూ వందే కొట్టించేవాడు కూడా మొదట ఒక్కసారి అయిదు వందలు పోయించి, ఆపైన రోజూ వంద కొనసాగిస్తే ఖర్చు అదే, ట్యాంకు మాత్రం సగం దగ్గర ఉంటుంది.

మీ బండి లెక్క మీరే కట్టుకోండి

1. సెంటరు స్టాండు వేసి ఫుల్లు కొట్టించండి. నోజిల్ మొదటిసారి దానంతటదే ఆగినచోట ఆపించండి. మూతి దాకా పొయ్యమనకండి, ఎండలో పెట్రోలు వ్యాకోచించడానికి ఖాళీ ఉండాలి. పోసేముందు బంకు మీటరు సున్నా మీద ఉందో లేదో చూసుకోవడం మామూలే.

2. ట్రిప్ మీటరు సున్నా చేయండి. అది లేని బండైతే ఓడోమీటరు అంకెను ఫోనులో ఫొటో తీసుకోండి.

3. ఎప్పటిలాగే తిరగండి. పసుపు లైటు వెలిగినప్పుడు, లేదా చివరి పాయింటు మినుకుమినుకుమన్నప్పుడు కిలోమీటర్లు చూసి, అందుబాటులో ఉన్న బంకులో మళ్లీ మొదటి ఆగుడు దాకా ఫుల్లు చేయించండి.

4. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. 440 కిలోమీటర్లకు 8 లీటర్లు పడితే మైలేజీ 55. ఒక్కసారితో తేల్చేయకుండా మూడు ట్యాంకుల సగటు తీయండి.

5. ఇప్పుడు అసలు సంగతి. కంపెనీ చెప్పిన ట్యాంకు సామర్థ్యంలోంచి పట్టిన లీటర్లు తీసేయండి. 9.8 లీటర్ల ట్యాంకులో 8 పట్టాయంటే లైటు వెలిగినప్పుడు 1.8 లీటర్లు మిగిలి ఉన్నట్టు. కాగితం మీద అది 99 కిలోమీటర్లు. అందులో సగమే మనది అనుకోండి. మిగతా సగం పంపుకూ, ఎదురుగాలికీ, మూసిన రేవుకూ.

6. ఇదే పద్ధతిలో 5.3 లీటర్ల స్కూటరు లీటరుకు 45 ఇస్తుంటే, ఒక లీటరు పక్కన పెట్టి, ఫుల్లు తర్వాత 190 కిలోమీటర్లకు బంకు దగ్గర ఉండాలి. 9.8 లీటర్ల బైకు 55 ఇస్తుంటే, లీటరున్నర పక్కన పెట్టి 450 దగ్గర. వెనక మనిషో బస్తానో ఎప్పుడూ ఉండేవాళ్లు ఇంకో అయిదో వంతు తగ్గించుకోండి.

7. బంకు కొలత మీద అనుమానం వస్తే గొడవపడక్కర్లేదు. ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి. అందులో పోసి చూపించమని అడిగే హక్కు మీకుంది. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను అనుమతిస్తారు, అంతకు మించితే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు.

ఆగిపోతే ఏం చేయాలి?

ముందుగా బండిని రోడ్డు మీంచి పక్కకు తీయండి. పాత కార్బురేటరు బండైతే ఇంకో అవకాశం మిగిలే ఉంటుంది. చాలా బళ్లకు కాక్ ఎడమ పక్కన ఉంటుంది. ఎడమ పాయ ఎండినా కుడి పాయలో కాసింత పెట్రోలు చిక్కుకుని ఉండొచ్చు. హ్యాండిలు గట్టిగా పట్టుకుని బండిని ఎడమ వైపుకు బాగా వాల్చి, నాలుగు క్షణాలు ఆగి నిలబెడితే ఆ పెట్రోలు మెట్ట దాటి ఇటు జారుతుంది. కిలోమీటరో రెండో లాక్కురావచ్చు. బజాజ్ స్కూటర్ల కాలంలో బండిని పక్కకు వంచి కిక్కు కొట్టని మనిషి లేడు. ఇంజెక్షన్ బండిని ఇలా పీల్చి పిప్పి చేయొద్దు, పంపుకు మంచిది కాదు. పెట్రోలు పోశాక తాళం రెండు మూడుసార్లు తిప్పి, ప్రతిసారీ పంపు చప్పుడు ఆగేదాకా ఉండి, అప్పుడు స్టార్టు చేయండి.

వెనక నుంచి ఇంకో బండి మీద వచ్చినవాడు ఫుట్‌రెస్టు మీద కాలు ఆనించి తోసుకుపోవడం మన దగ్గర పాత మర్యాద. సాయం మంచిదే గానీ జాతీయ రహదారి మీద, లారీల మధ్య అది ఇద్దరి ప్రాణాల మీదికీ తెస్తుంది. అలాగే ఊరి కొట్లో నీళ్ల సీసాలో అమ్మే పెట్రోలు. అవసరానికి ఆదుకుంటుంది, కాదనలేం. అయితే లైసెన్సు లేకుండా అమ్మడం నేరం. లైసెన్సు అక్కర్లేకుండా సొంతానికి కాస్త ఉంచుకునేవాళ్లకు కూడా పెట్రోలియం చట్టం గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలే చెప్పింది, ప్లాస్టిక్కు చోటివ్వలేదు. ట్యాంకులో ఎంతుందో చూడ్డానికి అగ్గిపుల్ల గీయకూడదని వేరే చెప్పాలా? బండిని అటూ ఇటూ ఊపి చప్పుడు వింటే చాలు.

లెక్కా తప్పొచ్చు

మీటరు లేకపోయినా లెక్క ఉంటే చాలంటున్నాం కదా, ఆ లెక్కే తప్పితే? 1983 జులై 23న కెనడాలో అదే జరిగింది. ఎయిర్ కెనడా బోయింగ్ 767 విమానంలో ఇంధనం మీటర్లు పనిచేయలేదు. సిబ్బంది కొలిచి, చేత్తో లెక్క కట్టి ఇంధనం నింపించారు. కిలోల్లో కట్టాల్సిన లెక్క పౌండ్లలో కట్టారు. కావలసినదానిలో సగం కూడా ఎక్కలేదు. ఆకాశంలో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు విమానాన్ని గాలిలో జార్చుకుంటూ గిమ్లీ అనే ఊళ్లో పాత వైమానిక స్థావరం మీద దించారు. అందులో ఉన్న 69 మందీ బతికారు.

మన బండి నేల మీదే ఉంటుంది కాబట్టి అంత గండం లేదు. అయినా పాఠం ఒకటే. పాత మైలేజీతో కొత్త పెట్రోలు లెక్క కట్టినా, ఒంటరి ప్రయాణం లెక్కను ముగ్గురెక్కిన బండికి వాడినా, పంటు దారిలో కట్టిన లెక్కను వంతెన దారికి తగిలించినా ఫలితం అదే. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లే దారిలో, భీష్మ ఏకాదశికి అంతర్వేది కల్యాణం దారిలో బండి నడిచేదానికన్నా నిలబడేదే ఎక్కువ. ఆ రోజుల్లో కిలోమీటర్ల లెక్క కూడా పూర్తిగా పనికిరాదు. అప్పుడు ముందురోజే సగం పైన ఉంచుకోవడమే లెక్క.

పెట్రోలు మీటరును తిట్టి లాభం లేదు. ఎత్తు చెప్పమంటే ఎత్తు చెబుతోంది, దూరం చెప్పడం దాని పని కాదు. దూరం చెప్పగలిగింది దాని పక్కనే ఉన్న ట్రిప్ మీటరు. చాలామంది బండి కొన్ననాటి నుంచీ దాని బటన్ ఒక్కసారి కూడా నొక్కి ఉండరు. ఈసారి ఫుల్లు కొట్టించినప్పుడు నొక్కండి. మూడు ట్యాంకులు తిరిగేసరికి మీ బండికి, మీ దారికి, మీ చేతికి సరిపడ్డ అంకె ఒకటి వస్తుంది. దాన్ని ఒక చీటీ మీద రాసి ట్యాంకు మూత పక్కన అంటించండి. ఇంట్లో ఎవరు బండి తీసినా ముల్లు వైపు చూడక్కర్లేకుండా ‘రేవు దాకా వెళ్తామా’ అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంటుంది.